కరెంటు పెట్టిన మనిషి

గ్రేసమ్మ తడిగుడ్డతో ఫిజిక్స్ ల్యాబు బల్లలు తుడుస్తూ రెండో వరుసకు వచ్చేసరికి స్వరూపరాణి మేడం తలుపు దగ్గర నిలబడింది.

"గ్రేసమ్మా, ఇంకిన్ని కుర్చీలు కావాలె. మనూరు సారు బస్సు దిగిండంట."

మనూరు సారంటే పక్కనున్న మనూరులో పుట్టిన సంగమేశ్వర్. నారాయణఖేడ్‌లో ఈ కాలేజీలోనే ఇంటర్ చదివి, ఇప్పుడు హైదరాబాదులో అణుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. పిల్లలకు ఆ చదువు గురించి చెప్పడానికి వస్తున్నాడు. గ్రేసమ్మ గుడ్డ పిండి కిటికీ మీద ఆరేసింది. ఆమె ఎడమ మోకాలు సరిగా వంగదు. ఆ కాలు ఈడుస్తూనే గదిగదికీ తిరిగి కుర్చీలు మోసింది. సన్నటి మనిషి, ముంజేతులు మాత్రం గట్టివి. ఏళ్ల తరబడి ఈ గదిలో గాజుసామాను కడుగుతున్నా ఏది దేనికో ఎన్నడూ అడగలేదు. పగలకుండా ఉంటే చాలనుకునేది.

సంగమేశ్వర్ బల్లకు ఆనుకుని నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"మన దేశంల ఈ చదువు చదివినోళ్లు సాలుతలేరు. కరెంటు తయారుచేసే కాడ కావాలె, దవాఖానల కావాలె, కొత్త కంది విత్తనం తీసే కాడ కావాలె. మన కంగ్టి పిల్లలు, నాగల్‌గిద్ద పిల్లలు ఎందుకు రావొద్దు?"

వెనక బెంచీలోంచి కృప అనే అమ్మాయి లేచింది. "ఆడపిల్లలను తీసుకుంటరా సార్?"

"తీసుకుంటరు. మంచిగ చదివి పరీక్ష పాసైతే పైసలిచ్చి మరీ నేర్పిస్తరు."

తర్వాత ఆయన సంచిలోంచి చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. దగ్గర ఏమీ లేకుండానే అది టిక్కుటిక్కుమంది. "ఈ సప్పుడు రేడియేషన్‌ది. మట్టిల ఉంటది, రాయిల ఉంటది, మన ఒంట్ల గూడ ఇంత ఉంటది. కేన్సరోళ్లకు దవాఖానల కరెంటు పెడతరు సూడు, అది గూడ ఇసొంటిదే. గాకపోతే శాన బలమైంది."

టీ పళ్లెంతో గుమ్మంలో ఉన్న గ్రేసమ్మ అక్కడే ఆగిపోయింది.

రెండేళ్ల కిందట ఆమె భర్త తోమాకు గొంతులో కేన్సరని హైదరాబాదులో కరెంటు పెట్టారు. రోగం తగ్గింది గాని గొంతు గుసగుస అయిపోయింది. "కరెంటు పెట్టిన ఒళ్లు. పసిదాన్ని దగ్గరికి రానియ్యకు" అంది పక్కింటి సిద్దమ్మ. ఆనాటి నుంచి తోమా మంచం బయటి పందిరి కిందికి, తిండి వేరే గిన్నెలోకి మారాయి. కొడుకూ కోడలూ చెరకు కొట్టడానికి కర్ణాటక పోతూ వదిలిన మనవరాలు రోజను ఆయన మంచం ఎక్కనివ్వలేదు. ఎందుకని తోమా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో గ్రేసమ్మ ఎన్నోసార్లు అనుకుని పెట్టుకుంది.

పిల్లలు వెళ్లాక ఆమె సంగమేశ్వర్ దగ్గరికి పోయింది.

"సార్, మా ఆయనకు కరెంట్ పెట్టిన్రు. అది ఇంక ఒంట్ల ఉంటదా?"

"బయటి నుంచి మిషన్‌తోని పెట్టిన్రా అమ్మా?"

"ఆ. పండుకోబెట్టి పైనుంచి."

"అట్లైతే ఏం ఉండదు. లైటు బంద్ చేస్తే అర్రల ఎలుగుంటదా? గట్లనే."

"మరి చిన్నపిల్లలకు?"

"ఏం కాదు. కలిసి తినొచ్చు, పక్కన కూసోవచ్చు. డాక్టర్లు చెప్పలేదా?"

"చెప్పిన్రో ఏమో సార్. గప్పుడు నా పానం నాతాన లేదు."

దారి పొడవునా ఆమెకు ఏమీ తోచలేదు. సంతోషపడాలా, ఏడవాలా? సిద్దమ్మ మాటే నిజమైతే? ఏమీ లేని చోట కూడా పెట్టె కొట్టుకుంది కదా. అందరి ఒంట్లో ఉంటుందన్నాడు, ఆయన ఒంట్లో లేదన్నాడు. రెండూ ఎట్లా నిజమవుతాయి? సారును ఇంకొకసారి అడగాల్సింది.

అంగన్‌వాడీ నుంచి రోజను తీసుకుని ఇల్లు చేరింది. పందిరి కింద తోమా గుంజకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల కొంచెం పక్కకు వాలింది.

"పో బిడ్డా, తాత దగ్గర కూసో."

రోజ కదల్లేదు. "వద్దంటివి గద."

"ఇప్పుడేం గాదు. పో."

ఆ పిల్ల నాయనమ్మ ముఖం చూస్తూ చూస్తూ వెళ్లి మంచం అంచున కూర్చుంది. కాసేపటికి తాత మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాయినమ్మా, తాత పండుకున్నడు."

గ్రేసమ్మ దగ్గరికి వచ్చి ఆయన చెంప మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది, ఊపిరి లేదు. చెయ్యి అక్కడే ఉంచి, ఇటుపక్కన ఆయన భుజానికి భుజం తగిలేలా కూర్చుంది.

"నీ ఒంట్ల ఏం లేదంట" అంది మెల్లగా. "మనూరు సారు చెప్పిండు."

ఎవరూ చెప్పకుండానే ఆయన పొద్దున్నుంచి పచ్చి కందికాయలు ఒలుస్తున్నట్టున్నాడు. మంచం మీద గిన్నె సగం నిండింది. పక్కన చాటలో, చీల్చిన ఒక కాయలో గింజలు ఇంకా వరసగానే ఉన్నాయి.