అంగుళం వదలని రంగు

ఆ పొద్దున తాళం తిప్పగానే బడి పిల్లల వ్యాను టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. ఇరుగుపొరుగు తలో చెయ్యి వేసి తోస్తే కదిలింది. పిల్లలు గంట కొట్టే వేళకి బడి చేరారు గానీ, తోలే ఆమెకి ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే వ్యాను చూసుకుంటామని పెద్ద మేడం నిన్ననే చెప్పేసింది. ఆ బడి పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

అప్పటికే బండికి వైద్యం చెయ్యనివాడు లేడు. ఒకాయన బ్యాటరీ మార్చాడు. ఇంకొకాయన డైనమో మార్చాడు. రోగం మాత్రం అత్తారింటికొచ్చిన అల్లుడిలా కదలకుండా కూర్చుంది.

పిల్లల్ని దించి, ఇంజను ఆపకుండా ఆమె బండ్లకి వైరింగు చేసే బాబాయి షెడ్డుకి పోయింది. పక్క సీట్లో నాన్న. ఆయన ఒకప్పుడు తలుపులకీ కిటికీలకీ రంగులేసేవాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక మానేశాడు. అయినా కూతురి బండి అనేసరికి కుంచె పట్టి, వ్యానంతా నీలంగా మార్చేశాడు. తుప్పుకి సందివ్వకూడదని బోల్టులు విప్పి మరీ కింద కూడా పూశాడు. కనిపించినవాళ్లందరికీ "అంగుళం వదల్లేదు" అని చెప్పుకునేవాడు.

నాన్న బయట బల్ల మీద కూర్చున్నాడు. బాబాయి ఏమీ విప్పలేదు. ముందు ఈ గోల ఎప్పట్నుంచని అడిగాడు. బండికి రంగు ఆరినప్పట్నుంచీ అనుకుంటా, అంది ఆమె. ఆయన లైట్లన్నీ వెయ్యమని మీటరు తీశాడు. డైనమో దగ్గర కరెంటు బాగానే ఉంది, బ్యాటరీ దగ్గరకొచ్చేసరికి చాలడం లేదు. మీటరు తీగల్లో ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి ఇంజను ఇనుము మీద ఆనించాడు. కదలకూడని ముల్లు కదిలింది.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వట్లేదమ్మా. డైనమో ఇస్తోంది, దార్లో ఆగిపోతోంది," అన్నాడు.

ఇంజను ఆపించి, కరెంటు తిరిగొచ్చే ఎర్త్ తీగని బండి ఒంటికి బిగించిన బోల్టు విప్పాడు. దాని కింద కరెంటుకి దారివ్వకుండా నున్నగా, ముద్దుగా నీలం రంగు. బాబాయి ఒకసారి బయట బల్ల వైపు చూశాడు. గరుకు కాగితంతో ఆ చోటు ఇనుము మెరిసేదాకా గీకి, తీగ బిగించాడు. మళ్లీ ఇంజను వేయించి చూస్తే ముల్లు కదల్లేదు.

ఏమైందని నాన్న లోపలికొచ్చాడు.

"బోల్టు వదులైంది పెద్దాయనా. పాత బండి కదా."

బండి బాగుచేసినందుకే ఆమె ఎంతో రుణపడిపోయింది. ఆ ఒక్క మాట కడుపులో దాచుకున్నందుకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున తాళం తిప్పీ తిప్పగానే వ్యాను అందుకుంది. నవ్వుతూ చూస్తే, నాన్న పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో గరుకు కాగితం. దాని నిండా నీలం పొడి.

"వాడికి అబద్ధమాడ్డం కూడా రాదే. దీన్ని ఇంజను పక్కనే మర్చిపోయాడు," అన్నాడు.

ఆయన రంగు డబ్బా, కుంచె తెచ్చి సీటు కింద పెట్టి, ఎక్కి కూర్చున్నాడు.

"వాడి షెడ్డు తలుపు రంగు పెచ్చులూడిపోయింది, చూశావా? పిల్లల్ని దించాక నన్నక్కడ దింపు. బోల్టుల జోలికి పోనులే."