ఉతకని గుడ్డలు

మడి కట్టుకుని పట్టినంత మాత్రాన నీళ్ళు శుభ్రమైనట్టేనా? ఏళ్ళ తరబడి నాకు ఈ అనుమానం ఉంది. పైకి అంటే దేవుడి మీద నమ్మకం లేదంటారని మింగేశాను. పటమటలో మా వీధి పక్కనే మురుగు కాలువ. మంచినీళ్ళ పైపు ఆ మురుగులో మునిగే వస్తుంది. తడిబట్టతో నిలబడి పట్టినా బిందెలో పెంటకంపే.

మా ఆయన అంకమ్మరావు గారికి చిన్న బట్టల కొట్టు ఉంది. తానుల్లో మిగిలిన తెల్ల ముక్కలు వీధంతా పంచేదాన్ని. అందరం కుళాయి మూతికి కట్టేవాళ్ళం. పొద్దున విప్పితే నల్లటి జిగురు, ఎర్ర పురుగులు, ఒక్కోసారి వెంట్రుకలు. ముక్కు మూసుకుని ఉతికి మళ్ళీ కట్టేవాళ్ళం. గుడ్డలు పంచడం పుణ్యమనుకున్నాను.

ఈ వానాకాలం పద్నాలుగు మందికి కామెర్లు వచ్చాయి. మా మనవరాలు అక్షయ కళ్ళు పచ్చబడ్డాయి. తిన్నదల్లా కక్కుతోంది. కాలువ అవతలి వరసలో ఏసుపాదం ఆ కామెర్లతోనే చనిపోయాడు. పదకొండో రోజున ఆయన భార్య స్టెల్లా మమ్మల్ని వెంటబెట్టుకుని నీళ్ళ ఆఫీసుకు నడిచింది.

"టెస్టులో నీళ్ళు బానే ఉన్నాయండీ. మీ ఇళ్ళల్లో శుభ్రత లేకపోతే మేమేం చేస్తాం?" అన్నాడు ఇంజనీరు.

పక్కన కాంట్రాక్టరు దుర్గాశంకర్ సీసా నీళ్ళు తాగుతున్నాడు. "మీ పైపు నిరుడే మార్చేశాం కదమ్మా" అని నవ్వాడు.

"పురుగులొస్తున్నాయి బాబూ!" అన్నాను.

"ఏవీ, చూపించండి" అన్నాడు ఇంజనీరు.

చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు.

ఆ సాయంత్రం కాలువ వంతెన మీద మీటింగు పెట్టుకున్నాం. ఆటో నడిపే బసవపున్నయ్య ఊగిపోయాడు. "ఆఫీసు అద్దాలు పగలగొడదాం!"

"మన పన్నులతోనే కొత్తవి పెట్టించుకుంటారు" అంది స్టెల్లా. "చూపించమన్నాడుగా, చూపిద్దాం. వాళ్ళ పాపాన్ని రోజూ మన చేతుల్తోనే ఉతికి ఆరేస్తున్నాం. వారం రోజులు ఒక్క గుడ్డా ఉతకొద్దు. డబ్బాల్లో దాచండి."

"ఛీ! ఆ కంపు ఇంట్లో ఎట్టా పెట్టుకుంటామే?" అంది మా పక్కింటి శివపార్వతి.

"కడుపులో పెట్టుకుంటున్నాంగా అక్కా!"



మా ఆయన సణుగుతున్నా కొత్త తాను చింపాను. రోజుకో ముక్క, ఇంటికో డబ్బా. మూడో రోజుకే కంపు దేవుడి గదిలోకి వచ్చింది. అగరుబత్తి దాన్ని ఆపలేదు. "అమ్మా, ఈ గుడ్డ మైలా? ఇన్నాళ్ళూ నీకు అభిషేకం చేసిన నీళ్ళు మైలా?" అని దండం పెట్టుకుని అడిగాను. దుర్గమ్మ ఏమీ అనలేదు. కాదని కూడా అనలేదు.

ఎనిమిదో రోజున అరవై ఇళ్ళవాళ్ళం వెళ్ళాం. నాలుగు వందల పైచిలుకు గుడ్డలు ఇంజనీరు బల్ల మీద కుమ్మరించాం. ఫైళ్ళ మీద పురుగులు పాకాయి. చీము లాంటి నీళ్ళు అతని ప్యాంటు మీదికి కారాయి. ఇంజనీరు కిటికీలోంచి కక్కుకున్నాడు.

"మా పిల్లలు రోజూ కక్కేది అదే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

దుర్గాశంకర్ నా వైపు చూశాడు. "మీలాంటి పూజలు చేసుకునేవాళ్ళు కూడా వీళ్ళతో కలిస్తే ఎట్టాగమ్మా?"

"పైపులో నీళ్ళు పూజలు చూసి పారట్లేదు నాయనా" అన్నాను. నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు.

పోలీసులొచ్చి స్టెల్లా ఒక్కదాన్నే జీపెక్కించారు. ఆమె లోపలినుంచే కేకేసింది. "పైపు మురుగులోంచి పైకి లేచేదాకా గుడ్డలు ఉతకొద్దు!"

వీధంతా జీపు వెనకే నడిచాం. స్టేషను ముందు కూర్చున్నాం. ఎస్సై కాగితం ఊపుతూ బయటికొచ్చాడు. "ఇంకా ఎవరెవరు పోశారు? పేర్లు రాయండి చూద్దాం. అందరి మీదా కేసే!"

నేను లేచాను.

మూడేళ్ళ కిందట పైపు మార్చమని స్టెల్లా అర్జీ రాసుకుని సంతకం కోసం మా గుమ్మం ముందు నిలబడింది. పూజ వేళ, రేపు రమ్మన్నాను. మర్నాడు వస్తే ఇంట్లో లేనని చెప్పించాను. ఆ సంతకం ఆమెకు బాకీ పడ్డాను.

ఎస్సై చేతిలో కాగితం తీసుకుని, స్టెల్లా పేరు కింద నా పేరు పూర్తిగా రాశాను. తమ్మిశెట్టి మల్లీశ్వరి.

"పిన్నిగారూ, పెన్ను ఇటివ్వండి" అన్నాడు బసవపున్నయ్య.