దుప్పటికి రెండో కొస

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పాతికేళ్ళుగా మడతల బల్ల దగ్గర నిలబడ్డ మనిషి పెద్దక్క. దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని దులిపి, బిగించి లాగి, ఎదురెదురుగా నడిచొచ్చి కలపాలి. ఆ రెండో కొస ఆమె సొంత చెల్లెలిది. "దీని వాటా కూడా నేనే మోసి చస్తున్నా" అని పెద్దక్క వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ చెప్పుకునేది. కుడిచెయ్యి తిమ్మిరెక్కినప్పుడల్లా ఆ తప్పు కూడా చెల్లెలి మీదకే తోసేది. చెప్పడంలో కాస్త డప్పు ఉన్నా, అందులో అబద్ధం ఉందని ఏనాడూ అనుకోలేదు పాపం.

ఆ వారం సూపర్‌వైజరు కొత్త పట్టీలు తెచ్చాడు. ముంజేతికీ భుజానికీ కట్టుకుంటే, కండ ఎంత కష్టపడుతోందో కంప్యూటర్లో గీతగా పడుతుంది. ఎవరి కష్టం ఎక్కువని తేలితే వాళ్ళకి ఇస్త్రీ మెషీను దగ్గర కూర్చుని చేసే పని. ఉన్నది ఒక్కటే కుర్చీ. అది తనదేనని పెద్దక్క ముందే ఊరంతా చాటింది.

మూడో రోజు సూపర్‌వైజరు గీతలు చూపించాడు. "నీ కుడిచెయ్యి దాదాపు పని చెయ్యట్లేదు. ఇద్దరి పనీ నీ చెల్లెలే చేస్తోంది."

"పట్టీ పాడైంది. దానిది నాకు కట్టండి."

మార్చి కట్టారు. ఇరవై దుప్పట్లు మడిచారు. పెద్దక్క గీత నేల మీదే పాకింది. చెల్లెలి గీత ఎగిరెగిరి పడింది.

పెద్దక్క చెల్లెలి వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచే?"

"రెండేళ్ళయిందక్కా. లాగితే నీ కొస జారిపోతోందని లాగడం మానేశా. దులిపేది, బల్ల మీద సాపు చేసేది, కట్టలెత్తేది నేనే. నువ్వు కబుర్లలో పడి చూడవుగా."

"చెప్పొచ్చుగా?"

"చెబితే నిన్ను ఉంచుతారా?"

కుర్చీ చెల్లెలిదేనన్నాడు సూపర్‌వైజరు.

"నాకొద్దు సార్. అక్కతోనే ఉంటా" అంది చెల్లెలు.

ఆ మాటకి పెద్దక్క ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది. భుజానికున్న పట్టీ విప్పుకోవడానికి చెల్లెలు చెయ్యి ఎత్తలేక, రెండో చేత్తో ఆ చేతిని పైకి పట్టుకుంటోంది. రెండేళ్ళుగా ఎదురుగా నిలబడి తను చూసిందేమిటో పెద్దక్కకి అర్థం కాలేదు.

"దాని మాట వినకండి సార్. కూర్చోబెట్టండి."

"మరి నీ సంగతి?"

అందరి ముందూ కుడిచెయ్యి చాపి పిడికిలి బిగించింది పెద్దక్క. వేళ్ళు సగందాకా వచ్చి ఆగిపోయాయి.