లేడి చెవులు

కీ... మని ఒక సన్నటి శబ్దం.

దోమ రెక్క పాటి శబ్దం.

అద్దం అవతల, తలుపులు బిగించిన చిన్న గదిలో, పెద్దాయన మీట నొక్కాడు.

ఆ తర్వాత శబ్దం లేదు. అయినా నొక్కాడు. మళ్లీ నొక్కాడు. వినపడనివాళ్లలో చాలామంది అంతే — వినపడుతున్నట్టు ఉండటానికి పాపం ఎంత కష్టపడతారో.

ఆమె పని అదే. చెవులు పరీక్ష చేయడం. వినికిడి మిషన్ బిగించడం. నవ్వుతూ ఉండటం.

"మా ఆవిడ మాట తప్ప అన్నీ వినపడతాయమ్మా" అన్నాడు పెద్దాయన బయటికొచ్చి.

నవ్వింది. వారానికొకరైనా అనే మాటే. ఎప్పుడూ అదే నవ్వు.

ఆయన కోడలు మాత్రం నవ్వలేదు. "పోయినసారి పెట్టిన మిషను ఒకటే కుయ్యిమంటోంది. మీకు అసలు పెట్టడం వచ్చా? లేక మేం దొరికామా?" అని, బయట బల్ల మీద కూర్చున్నవాళ్లంతా తలెత్తి చూసేలా దులిపేసింది.

"మళ్లీ చూస్తానండీ" అంది ఆమె. నవ్వుతూనే.

చెంపలు నొప్పెట్టాయి.

ఇంటికి వెళ్తే భర్త అడుగుతాడు. మంచివాడు. అడగడం మానడు.

"ఏమైంది, అలా ఉన్నావ్?"

"ఏం లేదు."

ఏం లేదంటే ఏం లేదనే అనుకుంటాడు. అన్నం పెట్టుకుంటాడు. అతన్ని అని ఏం లాభం... ఆమె మొహం అంత బాగా పనిచేస్తుంది మరి.

అందుకే ఆ చెవులు.

ఫోన్‌లో ఒక గుంపు ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు కలిసి కథ అల్లుతారు. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. నీ పాత్ర ఏం చేస్తుందో నువ్వు రాయాలి. ఎదుటివాళ్లది వాళ్లు రాస్తారు. ఒకరి పాత్ర మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు — ఉన్నది ఆ ఒక్క నియమమే.

ఆ కథలో మామూలు మనుషులు తక్కువ. ఒకామెకు పులి తోక. ఒకతనికి కొంగ కాళ్లు. ఎందుకలా అని మొదట్లో ఆమె అడిగితే పులి తోకామె రాసింది — "మొహంతో ఎంత అబద్ధమైనా ఆడొచ్చు. తోకతో ఆడి చూడు."

ఆ మాట చదివిన మధ్యాహ్నమే, టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా, ఆమె తన పాత్రను రాసుకుంది.

లేడి చెవుల మనిషి. జుట్టులోంచి పైకి లేచిన పొడుగాటి చెవులు. గోధుమరంగు నూగు. అడుగుల చప్పుడుకు రిక్కించుకుంటాయి. భయానికి వెనక్కి వాలతాయి. నొచ్చుకుంటే... తడిసిన గుడ్డల్లా వేలాడతాయి.

ఏరు దాటించే పడవవాడు ఒకడున్నాడు కథలో. గుంపులో అతని పేరూ పడవవాడే. ఒకరోజు, ఊళ్లో పిల్లలు చెవుల్ని వెక్కిరించాక, లేడి చెవుల మనిషి పడవ ఎక్కి, ఏం లేదు, అంది.

పడవవాడు తెడ్డు ఆపేశాడు.

"ఏం లేకపోతే నీ చెవులెందుకు అలా వాలిపోయాయి?" అని రాశాడు.

తను పనిచేసే షాపు వెనక, మందుల వాసన వచ్చే స్టోర్ గదిలో, ఆమె ఆ వాక్యం చదివింది. ఏడ్చేసింది. బయట నుంచి ఎవరో పిలిచేదాకా ఏడ్చింది.

ఆ తర్వాత చెవులు ఏం చేస్తే పడవవాడు అది గమనించేవాడు. ఎండాకాలమంతా గమనించాడు. వానలు పడ్డాక కూడా.

తర్వాత ఒకనాడు అతను పెద్ద భాగమే రాశాడు. అందమైన భాగం. ఏటి అడుగు నుంచి మంత్రజలం తెచ్చాడు. ఆమె తల మీద పోశాడు. నూగు రాలింది. చెవులు మంచులా కరిగాయి. అచ్చం మనుషుల చెవులొచ్చాయి, చిన్నవి, గుండ్రటివి. ఊరంతా చప్పట్లు.

గుంపులో అందరూ ఎర్రటి గుండె బొమ్మలు పెట్టారు. పులి తోకామె కూడా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

నా చెవులు... నన్ను అడగకుండా... నా చెవులు!

"ఎందుకు తీసేశావ్?" అని రాసింది.

"నీకోసమేగా. ఇక ఊళ్లో నిన్ను ఎవరూ వెక్కిరించరు."

"వెక్కిరించినా నాకు కావాలి. తిరిగి పెట్టు."

"ఎంత బాగా కుదిరిందో చూడలేదా? అందరికీ నచ్చింది."

"అవి ఉంటేనే కదా నీకు తెలిసేది, నాకెలా ఉందో."

అతని జవాబు వచ్చింది.

"ఇప్పుడు నోటితో చెప్పు. మనుషులు అలాగే కదా చెప్పుకుంటారు."

తప్పు మాట కాదు. తప్పు కాదు గనకే ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది.

లేడి చెవులు మళ్లీ మొలిచాయని ఒక భాగం రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ కథకు శుభం కార్డు పడిపోయింది. వాళ్లు అప్పటికే కొత్త కథలో, కొత్త ఊళ్లో ఉన్నారు. పడవవాడు ఇప్పుడు దీపాలు వెలిగించేవాడట.

సాయంత్రం ఇంట్లో గిన్నెలు గట్టిగానే పెట్టింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

చెప్పింది. మొదటిసారి. గుంపు, ఏరు, చెవులు, నూగు — అన్నీ, తడబడుతూ, ఉల్లిపాయలు తరుగుతూ.

"లేడి చెవులా?" అన్నాడు. నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. "చిన్నపిల్లల ఆటలా ఉందే!"

"నవ్వకు."

ఆ గొంతు ఎవరిదో ఆమెకే తెలియలేదు. కత్తి పక్కన పెట్టింది.

"నవ్వకు. రోజూ నువ్వడుగుతావ్, నేను ఏం లేదంటాను. ఉంటుంది. రోజూ ఉంటుంది. నీకు కనపడదు."

నవ్వు ఆగిపోయింది. స్టవ్ కట్టేశాడు. దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూశాడు. నుదురు చూశాడు. కళ్లు చూశాడు. పెదవులు చూశాడు. మళ్లీ కళ్లు. పరాయి ఊళ్లో ఇల్లు వెతుక్కునేవాడిలా...

"ఏం చూస్తున్నావ్?"

"ఎక్కడ చూడాలో తెలీడం లేదు" అన్నాడు. "చెప్పు. అక్కడే చూస్తాను."

నోరు తెరిచింది.

ఎక్కడో తనకు మాత్రం తెలుసా?

అతను ఎదురుచూస్తూ నిలబడ్డాడు. కుళాయి సరిగ్గా కట్టలేదు. ఒక చుక్క, మరో చుక్క — గిన్నెలోని నీళ్ల మీద పడుతూ ఉన్నాయి.