లింగవ్వ మాస్కు

గోదావరిఖనిలోని ఆ ప్రైవేటు బొగ్గు పరీక్షల ల్యాబుకు కార్మిక భద్రతా అధికారి ఎవాంజెలిన్ తనిఖీకి రావడం అది రెండోసారి. బొగ్గు నమూనాలను పొడి చేసే గదిలో లింగవ్వ పదకొండేళ్లుగా పనిచేస్తోంది. అధికారిని చూడగానే మిషన్ ఆపి, మెడలో వేలాడుతున్న మాస్కును ముఖానికి ఎక్కించుకుంది.

"తియ్యి అవ్వా, ఒకసారి చూస్త."

మాస్కు లోపలి అంచంతా నల్లగా ఉంది. రెండు ఫిల్టర్లూ దుమ్ముతో గట్టిపడ్డాయి. రిజిస్టరులో మాత్రం నెలనెలా మార్చినట్టు సంతకాలున్నాయి.

"ఇవి ఎప్పుడు మార్చిన్రు?"

లింగవ్వ ఇన్‌చార్జి సంపత్ వైపు చూసింది.

"స్టాకు రాలే మేడం," అన్నాడు సంపత్. "కడిగి పెట్టుకొమ్మని చెప్పిన."

"కడిగితే ఫిల్టరు పనికిరాదని నీకు తెల్వదా?"

ఎవాంజెలిన్ మాస్కును లింగవ్వకు పెట్టించి, ఫిల్టర్లను అరచేతులతో మూసి, ఊపిరి పీల్చమంది. అది ముఖానికి అతుక్కోవాలి. అతుక్కోలేదు. ఆ చిన్న ముఖానికి అది పెద్దది. దవడల పక్కనుంచి గాలి దూరుతోంది. పీల్చీ పీల్చగానే లింగవ్వకు దగ్గు తెర ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని కూలబడింది.

"ఎన్నొద్దుల నుంచి ఈ దగ్గు?"

"రెండేండ్లాయె. మొన్న దవాఖానల ఎక్స్‌రే తీసి, లోపల దుమ్ము పేరుకుందన్నరు. ఈ మాస్కు సంగతి పోయినసారే మీకు చెప్దామనుకున్న. మీరు ఈ గదిలకు రాలే."

నిజమే. ఏడాదిన్నర కిందట ఆఫీసులోనే కూర్చుని, 'మాస్కుల నిర్వహణ బాగుంది' అని రాసి వెళ్లిపోయింది ఎవాంజెలిన్.

ఈసారి ఆ గదిని అక్కడికక్కడే మూయించింది. తన పాత నివేదిక తప్పని కూడా కొత్తదాంట్లో రాయసాగింది.

"అది రాస్తే మీ నౌకరికే కష్టం మేడం," అన్నాడు సంపత్.

ఆమె రాయడం ఆపలేదు.

నెల తిరక్కుండానే ఎవాంజెలిన్‌కు సంజాయిషీ అడుగుతూ పై అధికారుల మెమో వచ్చింది. ల్యాబుకు చిన్న సైజు మాస్కులు, కొత్త ఫిల్టర్లు వచ్చాక ఆ గదిని మళ్లీ తెరిచారు. లింగవ్వకు నమూనా సంచులకు చీటీలు అంటించే పని ఇచ్చారు. నలభై రోజులు చేసి, మెట్లెక్కలేక మానేసింది.

మందమర్రిలో కూతురింట్లో ఉందని తెలిసి ఎవాంజెలిన్ చూడబోయింది. లింగవ్వ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది.

"నా జాగల ఎవరు చేస్తున్నరు?"

"రాజకుమారి అని, కొత్తామె."

"మాస్కు సరిపోయిందా ఆమెకు?"

"సరిపోయింది అవ్వా. నేనే పెట్టి చూసిన."

లింగవ్వ మాట్లాడే ఓపిక లేక గోడవైపు తిరిగింది.