శకుంతలమ్మ సంతకం

మా వీధిలో ఒకరినొకరు నమ్మరు. చాడీ చెప్పడం లేదు, ఉన్నమాటే. పెళ్ళికి పిలిస్తే అందరూ వస్తారు, ఎవరైనా ఆసుపత్రిలో చేరితే వంతులు వేసుకుని తోడు పడుకుంటారు, అడిగితే కాఫీపొడి గ్లాసు నిండా ఇస్తారు. నలుగురి డబ్బు ఒకరి చేతిలో పెట్టాలన్నప్పుడు మాత్రం ప్రతివాడూ పక్కవాడిని ఎగాదిగా చూస్తాడు. బోరు నీళ్ళ సంఘానికి బ్యాంకు ఖాతా తెరవాలన్నప్పుడు సంతకానికి ఎవరి పేరు ఇవ్వాలన్న గొడవ ఎండాకాలమంతా నడిచింది. ఎండాకాలమంతా మేం ట్యాంకరు నీళ్ళే పట్టుకున్నాం.

చివరికి శకుంతలమ్మ పేరు చెప్పింది నేనే. ఆమె పుట్టింది మా తిరుపతిలోనే. వయసంతా అమెరికాలో నర్సు ఉద్యోగం చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, పింఛను పుచ్చుకుని తిరిగొచ్చి మా ఎదురిల్లు కొనుక్కుంది. పెళ్ళి చేసుకోలేదు. వీధిలో చుట్టాల్లేరు, పార్టీ లేదు, డబ్బుకు కొదవ లేదు. ఆ పేరు వినగానే అరుచుకుంటున్న వాళ్ళంతా చల్లబడ్డారు. లాడ్జీ మేనేజరు జయచంద్ర కార్యదర్శి, శకుంతలమ్మ సంతకందారు అని రాసుకుని అందరం హాయిగా ఇళ్ళకు పోయాం.

ఇక అలవాటైపోయింది. నేను నడిపే ఆడవాళ్ళ పొదుపు సంఘానికి ఆమె సంతకమే. శ్రీరామనవమి పందిరి ఖాతాకు ఆమె సంతకమే. వీధి చివర పూలమ్మే అలివేలమ్మకు బ్యాంకు వేళకు బేరం వదిలిపెట్టి పోవడం కుదరదని, ఆమె సొంత ఖాతా నడిపే అధికారం కూడా శకుంతలమ్మకే రాసిచ్చింది. అలివేలమ్మ మొగుడు మునస్వామి ఆటో నడుపుతాడు. మంచివాడే, కానీ చేతిలో నోటు ఆడితే స్టాండంతటికీ టిఫిన్లు పెట్టించేదాకా నిద్రపోడు. అందుకని ఆ ఖాతా ఒకటుందని అతనికి తెలియదు. అందరూ ఆమెను మేడం అనేవాళ్ళు.

రెండువేల తొమ్మిది మే నెలలో అమెరికాలో ఆమె పన్ను లెక్కలు చూసే ఆయన ఫోన్ చేశాడు. ఆ దేశపు పౌరులు ఎక్కడ కాపురమున్నా ఏటా పన్ను లెక్క పంపాలట. అది ఆమె పంపుతూనే ఉంది. దానితోపాటు ఇంకో కాగితం ఉంది. బయటి దేశాల బ్యాంకుల్లో ఉన్నదంతా కలిపి ఒక మొత్తం దాటితే, ఏ ఖాతాలో ఏడాది పొడుగునా ఎక్కువలో ఎక్కువ ఎంత ఉండిందో విడివిడిగా చెప్పాలి. పింఛను డబ్బులతో ఆమె ఆ మొత్తం ఎప్పుడో దాటింది. ఇన్నాళ్ళూ తన ఖాతాల సంగతే రాసి పంపింది. సొంతం కాకపోయినా సంతకం ఉంటే అదీ చెప్పాలని, చెప్పకపోతే జరిమానా మామూలుగా ఉండదని ఆయన ఈసారి గట్టిగా చెప్పాడట. జూన్ ముగిసేలోపు కాగితం వాళ్ళకు అందాలి.

నాకు ఒళ్ళు మండింది. మన బోరు సంగతి అమెరికాకు ఎందుకని అడిగాను.

"బోరుతో వాళ్ళకేం పని లేదు దేవకమ్మా. వాళ్ళ పనంతా నాతోనే" అంది.

ఇది పన్ను కాదనీ, ఎవరి డబ్బూ ఎక్కడికీ పోదనీ, ఉన్నది ఉన్నట్టు తెలపడం వరకేననీ నాకు ఓపిగ్గా చెప్పింది. తర్వాత పాసుబుక్కుల కోసం ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట వెళ్ళాను. బోరు సంఘం పాసుబుక్కు మోటారు గదిలో తడిసి ఉబ్బిపోయి ఉంది. పందిరిది దేవుడి పటం వెనక దొరికింది గానీ, లోపలి అంకెల మీద కుంకుమ బొట్లున్నాయి. మా సంఘానిది నేను బియ్యం డబ్బాలో దాచాను, దానికేమీ కాలేదు. అన్నిటినీ మించి జయచంద్ర, మాటిమాటికీ ఆమె ఇంటికి తిరగడం ఎందుకని, చెక్కుబుక్కు మొత్తం మీద ఆమెతో ముందే సంతకాలు పెట్టించుకున్నాడు. దాన్ని లాడ్జీ బల్ల మీద, వచ్చేపోయే వాళ్ళ ముందర పెట్టుకున్నాడు. అది చూసి శకుంతలమ్మ తల పట్టుకుంది.

అంతలో మునస్వామి ఆటోతో పాటు పుకారు కూడా వీధి చుట్టింది. ఎదురింటి మేడం మన లెక్కలన్నీ అమెరికాకు రాసి పంపిస్తోందట అని మొదలై, సాయంత్రానికి అమెరికావాళ్ళొచ్చి బోరు మోటారు జప్తు చేస్తారట అన్నదాకా పోయింది. ఆదివారం పొద్దున అందరూ శకుంతలమ్మ వరండాలో చేరారు. జయచంద్ర గొంతు సవరించుకున్నాడు.

"మేడం, మీరంటే మాకు గౌరవమే. కానీ మా డబ్బు సంగతి బయట దేశానికి ఎందుకు తెలవాల? మీ పేరు తీసేసేది మేలు."

ఆమె వాదించలేదు. పోయినేడు సంతకం తనదే కాబట్టి ఆ లెక్క ఎలాగూ పంపక తప్పదంది. ఇక ముందుకైతే తప్పుకుంటాననీ, తన బదులు ఎవరి పేరో చెబితే రేపే బ్యాంకుకు వస్తాననీ అంది. ఆ మాటతో నా ఓపిక తెగింది. లేచి అందరినీ దులిపేశాను.

"మీకు బుద్ధుండాదా? మీలో మీకు సరిపడకనే కదా ఈమెను పెట్టుకున్యాం? ఈడ ఈమె ఎవురి మనిషీ కాదు, అందుకే కదా ఇన్నాళ్ళూ గొడవ లేకుండా ఉండాది!"

గొప్పగా వాదించాననుకున్నాను. శకుంతలమ్మ నా వైపు ఒకసారి చూసి, పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి పోయింది.

వరండాలో పేర్లు మొదలయ్యాయి. జయచంద్ర తన బావమరిది పేరు చెప్పాడు. ఆ బావమరిది చిత్తూరులో ఒకాయన మామిడికాయలు తెగనమ్మి డబ్బు ఇంకా ఇవ్వలేదని ఎవరో గుర్తుచేశారు. గుర్తుచేసిన ఆయన పేరు ఇంకొకరు చెబితే, ఆయన పందిరి గుంజలు ఇంటికి మోసుకుపోయిన సంగతి బయటపడింది. నేను వాళ్ళను అలా వదిలేసి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు. ఆమె గట్టుకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఆడ ఉన్నన్నాళ్ళూ నన్ను ఇండియా ఆమె అన్నారు దేవకమ్మా. నేనేమీ అనుకోలే. ఈడికొచ్చి, అందరి పాసుబుక్కుల్లో నా సంతకం సూసుకోని, ఈ వీధి మనిషినైపోయినాననుకున్యా" అంది. గొంతులో కోపం లేదు. "ఎవురి మనిషినీ కాదు కాబట్టి పెట్టుకున్యారని ఇప్పుడు తెలిసింది."

నా నోటికి వీధంతా భయపడుతుంది. ఆ నోరే ఈ పని చేసింది. అవును, నేనన్న మాట నిజమే. ఆ నిజం అంత చేదుగా ఉంటుందని నాకు అనేముందు తట్టలేదు. 

బయట ఎండ ముదిరింది, గొంతులు ఎండిపోయాయి, పేరు మాత్రం తేలలేదు. జయచంద్ర గుమ్మం దగ్గరికొచ్చి చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. తెలిస్తే తెలిసింది, అమెరికావాడు మన బోరును ఎత్తుకుపోతాడా, మీరే ఉండండి మేడం అన్నాడు. ఆమె ఉంటానంది గానీ ఊరికే ఒప్పుకోలేదు. ముందే సంతకాలు పెట్టిన చెక్కులు అక్కడికక్కడే తెప్పించి చించేసింది. పాసుబుక్కులన్నీ ఆ పూటే జెరాక్సు తీయించి తన బీరువాలో పెట్టించింది. 

మధ్యాహ్నమంతా లెక్కలు చూసుకుంటూ ఆమె బల్ల చుట్టూ జనమే. కుంకుమ కింద అంకె ఆరా ఎనిమిదా అని నలుగురు నాలుగు రకాలుగా చెబితే, బ్యాంకు నుంచి లెక్క తెప్పించేదాకా ఆమె అది ఖాళీగా వదిలేసింది. నేను మజ్జిగ కలిపి పంచాను. నవ్వులూ వేళాకోళాలూ మళ్ళీ మొదలయ్యాయి. శకుంతలమ్మ కూడా నవ్వుతోంది, కానీ నా వైపు చూసి నవ్వడం లేదు.

మునస్వామి ఆటో తీసుకుని పోయాక, మిగతావాళ్ళు కూడా వెళ్ళిపోయాక, అలివేలమ్మ పూల బుట్ట చంకన పెట్టుకుని లోపలికొచ్చింది. శకుంతలమ్మ ఆమెను కూర్చోబెట్టి, నీ ఖాతా సంగతి కూడా రాయాలి, నీకు సమ్మతమేనా అని అడిగింది.

"అమెరికాకు తెలిస్తే తెలిసిందిలే మేడం. మా ఆయనకు తెలవకుంటే సాలు" అంది అలివేలమ్మ.

శకుంతలమ్మ పొద్దుటి నుంచీ మొదటిసారి మనసారా నవ్వింది. పేరు రాసింది, బ్యాంకు రాసింది, అంకె రాసింది. ఒక గడి దగ్గర కలం ఆగింది. సంతకం పెట్టే మనిషికి ఖాతా సొంతదారు దగ్గర ఏ హోదా ఉందో అక్కడ రాయాలట. సంఘాలన్నిటికీ సంతకందారు అని రాసేసిందట, ఇది సంఘం కాదే, ఏం రాయాలా అని ఆలోచిస్తోంది.

"అంటే, నేను నీకు ఏమవుతానని అడగతా ఉండారు" అని అలివేలమ్మకు అర్థమయ్యేట్టు చెప్పింది.

అలివేలమ్మ ఇందులో ఆలోచించడానికి ఏముందన్నట్టు చూసింది.

"అక్కవని రాయి."

శకుంతలమ్మ తల ఎత్తలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దవిగా, అక్క అని రాసింది. అలివేలమ్మ ఒక మూర మల్లెపూలు తుంచి బల్ల మీద పెట్టి తన బేరానికి తాను పోయింది.

నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"మా పొదుపు సంఘం దగ్గర ఏం రాసినావు?"

"సంతకందారు."

"కొట్టేయ్."

"కొట్టివేతలు ఉండకూడదు దేవకమ్మా. రాయాలంటే ఇంకో కాగితం ప్రింటు తియ్యాల."

ఇంటర్నెట్ సెంటరు తెరిచే ఉంటుంది, నేను పోయి తెస్తానన్నాను. చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె నన్ను గుమ్మం దగ్గర ఆపింది. పొదుపు సంఘంలో నలభైమంది ఉన్నారు కదా, వాళ్ళలో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు, అందరికీ అక్క అంటే అమెరికావాడు ఒప్పుకుంటాడా అని అడిగింది. ఈసారి నా వైపు చూసే నవ్వుతోంది.

"ఒప్పుకోకుంటే వాణ్ణి నాతో మాట్లాడమని సెప్పు" అన్నాను.