చినగోరింటను నరకని ఏడాది

“గిన్నెలు తోమడం అయిపోయి ఇప్పుడు ఆకులు కూడా తోముతున్నావా?” అన్నారు మా ఆయన, పేపరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి.

నేను నిజంగానే తోముతున్నాను. బకెట్టులో సబ్బునీళ్ళు, చేతిలో పాతగుడ్డ. ఇంటిముందున్న చినగోరింటకి పేనుబంక పట్టింది. ఆ పురుగుల జిగురు మీద మసిలాంటి బూజు పేరుకుని, ఆకులన్నీ మాడిన గిన్నె అడుగులా అయ్యాయి. ఒక్కో ఆకునీ అరచేతిలో పెట్టుకుని తుడుస్తుంటే పసిపిల్ల మొహం కడిగినట్టుంది. ఆ మాట పైకి అంటే నవ్వులపాలవుతానని మనసులోనే ఉంచుకున్నాను.

కిటికీ దగ్గర కుర్చీలోంచి అత్తయ్య అందుకున్నారు. “ఆ శ్రద్ధలో సగం కూరలో ఉప్పు మీద పెడితే మా నోళ్ళు బాగుపడును.”

అత్తయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. కర్ర లేకుండా అడుగు పడదు. పొద్దున్నే ఆవిడ కాళ్ళకి నూనె రాసి, మందులు మింగించి, ముగ్గురికీ వండి, ఆసుపత్రికి పరిగెడతాను. అక్కడి ల్యాబులో రక్తం తీసే పని నాది. ఏడ్చే పిల్లలకీ, నరం దొరకని ముసలివాళ్ళకీ నన్నే పిలుస్తారు. “ఆమె హస్తవాసి మంచిది” అంటారు పెద్ద డాక్టరు. సమావేశం జరిగినప్పుడు టీ కప్పులు అందించడానికి కూడా ఆ హస్తమే గుర్తొస్తుంది ఆయనకి.

చెట్టు నాటింది మా ఆయనే, ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో. అందుకని అది ఆయన చెట్టు. నీళ్ళు పోయడం, మొదలు దగ్గర గుబురుగా లేచే పిలకలు తీసెయ్యడం, రాలిన పూలు ఊడవడం నా పని. చలికాలం వచ్చి ఆకులు రాలగానే రంపం, స్టూలు బయటికి తీస్తారు. కొమ్మలన్నీ తన తలెత్తుకి కోసేస్తారు. “గట్టిగా నరికితేనే గట్టిగా పూస్తుంది” అని ఆయన సిద్ధాంతం. ఏటా కోసిన చోటే కోయడంతో కొమ్మల చివర్లు వాతం పట్టిన వేళ్ళ కణుపుల్లా ఉబ్బిపోయాయి. వేసవిలో ఆ కణుపుల్లోంచి చీపురుపుల్లల్లాంటి రెమ్మలు బుస్సున లేచి, పూలు మోయలేక, ఒక్క వానకే నేల మీద పడేవి. వాటిని పాతచీర పేలికలతో లేపి కట్టేదాన్ని. ఆయన పక్కింటివాళ్ళకి పూలు చూపించేవారు, పేలికలు కనపడకుండా నిలబడి.

ఆసుపత్రి ఆవరణలో కూడా ఒక చినగోరింట ఉంది. అదీ మా చెట్టు జాతిదేనని చాలాకాలం నమ్మలేకపోయాను. మేడ మీది కిటికీదాకా ఎదిగింది. బెరడు పొరలుగా ఊడి, లోపలి మాను పట్టులా నున్నగా మెరుస్తుంది. ముడతల కాగితంతో చేసినట్టుండే గులాబీరంగు గుత్తులు గాలికి ఊగుతాయేగాని వంగిపోవు. ఎవరూ దాన్ని నరకరు. ఎండు పుల్లలూ, ఒకదాన్నొకటి రాసుకునే రెమ్మలూ మాత్రం తీస్తారు. భోజనం డబ్బా దాని కిందే విప్పేదాన్ని. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే మా ఆయన, “నీకు నరాలు తెలుసు, చెట్లు తెలియవు” అన్నారు. అందరూ నవ్వారు. అందరూ అంటే ఆయనా, అత్తయ్యా. అలవాటుగా నేనూ.

ఆ చలికాలం ఒక ఆదివారం ఆయన రంపం తీశారు. నేను వంటింట్లోంచి బయటికొచ్చి, “ఈ ఒక్క ఏడాదికి వదిలెయ్యండి” అన్నాను. గొంతు నాకే వినపడలేదు.

“మళ్ళీ మొదలెట్టావా?” అంటూ ఆయన స్టూలెక్కారు.

అప్పుడు వెనకాల కర్ర టకటకలాడింది. అత్తయ్య మెట్లు దిగుతున్నారు, గోడ పట్టుకుని, పళ్ళు బిగించి. వెళ్ళి పట్టుకోబోతే విదిలించేశారు. చెట్టు దగ్గరికెళ్ళి మానుకి ఆనుకున్నారు.

“దిగరా.”

“అమ్మా, నీకు తెలీదు. నువ్వు లోపలికెళ్ళు.”

“నాకు తెలీదు. అదిగో, నీ పెళ్ళానికి తెలుసు. ఏడాది పొడుగునా చాకిరీ చేసేది అదైతే, రంపం నీ చేతిలో ఎందుకుంది?”

“చెట్టు నాటింది నేనమ్మా!”

“నాటడం ఒక్క పూట పని. దిగు.”

ఆయన దిగారు. అలిగి, ఆ పూట అన్నం మానేశారు. నేను అత్తయ్యని లోపలికి తీసుకొచ్చి, కాళ్ళకి నూనె రాయడానికి కూర్చున్నాను. ఆవిడ కిటికీలోంచి చెట్టు వైపు చూస్తూ, “పెళ్ళికి ముందు నేను టెలిఫోన్ ఆఫీసులో పనిచేశాను, తెలుసా?” అన్నారు.

తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

“నా గొంతు వింటే పై ఆఫీసర్లు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవారట. మీ మావగారు మానెయ్యమన్నారు, మానేశాను. ఆయన్నొక్కణ్ణే అని ఏం లాభం? మా అత్తగారు అప్పుడు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒక్క మాట అనుంటే సరిపోను. అనలేదు.” ఆవిడ నా చేతిని కాలి మీంచి తీసి పక్కన పెట్టారు. “ఇక చాలు, నేను రాసుకోగలను.”

ఆ రోజు ఆవిడకి కృతజ్ఞత చెప్పడానికి నాకు మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. కూరలో ఉప్పు మాత్రం రుచి చూసి వేస్తున్నాను.

ఆ వేసవిలో చెట్టు ఆలస్యంగా చిగిర్చింది. “చూశావా, చచ్చింది” అన్నారాయన. తర్వాత, నిటారు కొమ్మల చివర, మా తలల మీద, గుత్తులు గుత్తులుగా విచ్చింది. పెద్దవాన కురిసింది. ఒక్క కొమ్మా నేలకి తగల్లేదు. మర్నాడు ఆయన పక్కింటాయనతో అంటున్నారు: “దీన్ని నరక్కూడదండీ. చాలామందికి తెలీదు.” లోపల నేనూ అత్తయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

ఆ పూలు ఇంకా ఉండగానే పెద్ద డాక్టరు ల్యాబు బాధ్యత నాకు ఇస్తామన్నారు. దానికి ముందు కొన్ని నెలలు వేరే ఊళ్ళో శిక్షణ. ఆలోచించుకుని చెప్తానని అనబోయి, ఆసుపత్రిలోనే, ఎవరినీ అడక్కుండా, సరేనన్నాను.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన కోప్పడలేదు. చాలా మెత్తగా, అన్నం కలుపుతూ అన్నారు: “వెళ్ళు, నేనెందుకు కాదంటాను? కానీ అమ్మనెవరు చూస్తారు?”

అత్తయ్య నీళ్ళు తాగి, గ్లాసు నిదానంగా కింద పెట్టారు.

“నా కొడుకు” అన్నారు.

ఆ కొడుకెవరో అన్నట్టు ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. నేను అటక మీది ప్రయాణపు పెట్టె దించుకోవడానికి లేచాను.